ఎన్వీయు జెలసీయు

ఇరువది యేండ్లుగా ఆంగ్లమునుండి తెనుగు చేయు పనిలో నున్నను, ‘ఎన్వీ’, ‘జెలసీ’ అను రెండు మాటలు ఎదురైనప్పుడెల్ల నేటికిని నా కలము కొంత తడవు నిలిచిపోవును. తొలినాళ్లలో రెంటికిని ‘అసూయ’ యని వ్రాసి ముందునకు సాగెడివాడను. ఒక కథలో భార్యను శంకించి కుములుచున్న భర్త ‘అసూయతో దహించుకొనిపోయెను’ అని నేను వ్రాయగా, చిత్తుప్రతి చదివిన మా పెదనాన్నగారు, ‘ఎవరి కలిమి చూచి యేడ్చుచున్నాడురా వీడు?’ అని యడిగిరి. నాకు బదులు తోచలేదు.

పరుని సొత్తు చూచి ఓర్వలేకపోవుట ఎన్వీ. తన సొత్తు పరుని పాలగునేమోయని కలవరపడుట జెలసీ. ధర్మరాజు సిరిని, మయసభను చూచి కృశించిన దుర్యోధనునిది మొదటిది. పారిజాతపుష్పము రుక్మిణికి దక్కెనని విని కోపగృహము చేరిన సత్యభామది రెండవది. ఆమె వగచినది పూవునకు కాదు, తనదేయని నమ్మిన కృష్ణుని వలపునకు.

ఎన్వీకి మూలమైన లాటిను పదమున చూపును తెలుపు ధాతువు కలదు. డాంటే మహాకవి పాపప్రక్షాళన పర్వతముపై ఈ దోషము గలవారి కనురెప్పలను ఇనుపతీగెతో కుట్టబడినవిగా వర్ణించినాడు. ‘కండ్లలో నిప్పులు పోసికొనుచున్నారు’ అను మన పల్లెవారికి లాటిను రాకున్నను, ఆ దోషము కంటిలోనే యున్నదని వారును ఎరుగుదురు.

జెలసీ గ్రీకు పదమునుండి పుట్టినది. దీక్షను, తీవ్రాభినివేశమును తెలుపు ‘జీల్’ దీనికి తోబుట్టువు. నిర్గమకాండమున దేవునికే ఈ విశేషణము తగిలినచోట, తెనుగు బైబిలు అనువాదకులు అసూయ యనక ‘రోషము’ అనిరి. ఎంత చక్కని తూనిక! తన ప్రజ అన్యదైవములను కొలుచుట సహింపని దేవునికి, ఒకరిని చూచి అసూయపడవలసిన దేమున్నది?

సంస్కృత నిఘంటుకారుడైన అమరసింహుడు ఈర్ష్యను ఓర్వలేమిగాను, అసూయను పరుల గుణములందు సైతము దోష మారోపించుటగాను వేరుచేసెను గనుక, ఎన్వీకిని అసూయ సరిగా అతుకదు. నేనిప్పుడు చాలచోట్ల ‘ఓర్వలేనితనము’ అనియే వ్రాయుచున్నాను. జెలసీకి మాత్రము ఒక్క మాట చాలదు: ఒథెల్లోది అనుమానము, సత్యది సవతి మచ్చరము.

నేటి ఆంగ్లవ్యవహారమున మిత్రుని క్రొత్త కారును చూచియు ‘జెలస్’ అనుట పరిపాటియైనది గనుక, చిక్కు మరింత పెరిగినది. అనువాదమునకు పూనుకొను యువకులారా, ఆ మాట కనబడినప్పుడు నిఘంటువు తెరచుటకు ముందు, ఆ సొత్తు ఎవరిదో విచారింపుడు.