తెల్లచెక్కకూ ఒక చోటుంది

పోచంపల్లిలో ఒక గుంటమగ్గం దగ్గర కూర్చున్నాను. చీర సగం దాకా నేసి ఉంది. నా చూపు మాత్రం పక్కనున్న టేకు గుంజ మీదికి పోయింది. ముప్పాతిక భాగం తేనె రంగు, ఒక అంచున రెండు వేళ్ల వెడల్పున పాలిపోయిన తెలుపు. ఆ తెలుపు మీద సూదితో పొడిచినట్టు చిల్లులు. వేలితో తడితే మెత్తని పిండి రాలింది. తేనె రంగు వైపు ఒక్క చిల్లూ లేదు.

"గిది చేవ గాదు సారూ, తెల్లచెక్క. పురుగుకు గిదే బువ్వ" అన్నాడు మగ్గం బాగుచేయడానికి వచ్చిన వడ్లాయన.

నిజంగా బువ్వే. చెట్టు బతికున్నంతకాలం వేళ్ల నుంచి నీళ్లు మోసేదీ, పిండిపదార్థం దాచిపెట్టేదీ ఈ తెల్లచెక్కే. లోపలి పొరలు ముదిరేకొద్దీ చెట్టు వాటి గొట్టాలను మూసేసి, చెదకూ బూజుకూ గిట్టని పదార్థాలు నింపుతుంది. అది చేవ. గట్టి మనిషిని చేవ ఉన్నవాడంటాం. తెల్లచెక్కకు భాషలోనూ పరువు దక్కలేదు, పనిలోనూ దక్కలేదు.

ఇది అన్యాయమని నా అభిప్రాయం. బాగా ఆరిన తెల్లచెక్క బరువు మోయడంలో చేవకు పెద్దగా తీసిపోదు. దాని లోపం బలంలో లేదు, మన్నికలో ఉంది. పైగా గొట్టాలు తెరిచే ఉంటాయి కనుక రంగైనా మందైనా ఇట్టే పీల్చుకుంటుంది. నేతకు ముందే నూలుకు చిటికి కట్టి రంగు వేసేవాళ్లకు ఈ సంగతి విడమరచి చెప్పనక్కరలేదు. నూలును రబ్బరు పట్టీతో బిగించిన చోట రంగు ఎక్కదు, వదిలేసిన చోట ఎక్కుతుంది. చేవకు చెట్టే కట్టు కట్టింది. తెల్లచెక్క కట్టు పడని నూలు.

అమెరికాలో నల్ల అక్రోటు కలపకు ఆవిరి పట్టి, తెల్లచెక్కను చేవ రంగుకు దగ్గర చేస్తారు. దాంతో రంగు మారుతుందే తప్ప పురుగును తట్టుకునే గుణం రాదు. అదే దేశపు పేరున్న వడ్రంగి జార్జ్ నకషిమా అక్రోటు బల్లలకు చెట్టు అంచును అలాగే ఉంచి, తెల్లచెక్కను దాచకుండా చూపించాడు.

ఇప్పుడు తోటల్లో టేకును లేతగానే కొట్టేస్తున్నారు. అలాంటి దుంగలో తెల్లచెక్క వాటా ఎక్కువ. అంతా పొయ్యిలోకి తోస్తే ఎలా? నేల తగలని, తడి తగలని, రోజూ కంటపడే భాగాలకు బోరాక్స్, బోరిక్ యాసిడ్ కలిపిన నీళ్లు పట్టించి, ఆరబెట్టి వాడుకోవచ్చు. తడిచే చోట ఆ మందు కారిపోతుంది, అక్కడ వద్దు.

నేతన్నలకు నా మనవి ఇదే. కొత్త మగ్గం చేయించేటప్పుడు నేలలో దిగే గుంజకు, గుంటలో తేమ తగిలే ప్రతి ముక్కకు చేవే కావాలని పట్టుబట్టండి. పైభాగాల్లో తెల్లచెక్క కనబడితే పారేయమనకండి, మందు పట్టించమనండి.