మే నెలలో ఫోను

ఫోను పూర్తిగా దిగిపోయాకే చార్జింగ్ పెట్టాలని, పెట్టాక నూరు ఎక్కేదాకా తీయకూడదని ఇప్పటికీ చాలామంది చెబుతుంటారు. అది నికెల్ కాడ్మియం బ్యాటరీల నాటి జాగ్రత్త. 1991లో సోనీ మార్కెట్లోకి తెచ్చిన లిథియం అయాన్ బ్యాటరీకి అది అక్కర్లేదు. ఇవాళ మన జేబుల్లో ఉన్నవి దాదాపు అన్నీ ఆ రకానివే. మధ్యలో పెట్టినా, మధ్యలో తీసినా వీటికి ఇబ్బంది లేదు. అడుగంటా దిగడం, నిండుగా ఎక్కి గంటల తరబడి అలాగే ఉండటం మాత్రం పడవు.

అన్నిటికన్నా పడనిది వేడి. నిండిన సెల్‌లో ఓల్టేజీ సుమారు 4.2 ఓల్టులో, అంతకన్నా కాస్త ఎక్కువో ఉంటుంది. ఆ స్థితిలో లోపలి ద్రావణం ఎలక్ట్రోడ్లతో చర్య జరుపుతూ పనికొచ్చే లిథియాన్ని కొంచెం కొంచెంగా తినేస్తుంది. వేడి తగిలితే ఆ నష్టం ఇంకా త్వరగా జరుగుతుంది. పోయిన సామర్థ్యం తిరిగి రాదు. 35 డిగ్రీలు దాటిన చోట తన ఫోన్లు వాడవద్దంటుంది యాపిల్. మన రామగుండంలో, రెంటచింతలలో మే నెలలో 45 తాకే రోజులుంటాయి!

అందుకే వేసవిలో ఫోనుని తలగడ పక్కన పెట్టి రాత్రంతా చార్జింగ్‌లో ఉంచను. తెల్లవారుజామున చల్లటి వేళ కవరు తీసి పెడతాను, ఎనభై దాటగానే తీసేస్తాను. రైల్లో టవర్లు అందని చోట సిగ్నల్ వెతుక్కుంటూ ఫోను చార్జింగ్‌ని ఊరికే ఖర్చు చేసేస్తుంది గనక ఫ్లైట్ మోడ్‌లో పెడతాను. వేడెక్కిన ఫోనుని ఫ్రిజ్‌లో పెట్టేవాళ్లున్నారు. దయచేసి ఆ పని చేయకండి, లోపల తేమ చేరుతుంది. కాసేపు వాడకుండా ఫ్యాను కింద ఉంచితే చాలు.

ఈ జాగ్రత్తలేవీ కుదరని వాళ్లున్నారు. హైదరాబాద్‌లో మిట్టమధ్యాహ్నం భోజనాలు చేరవేసే కుర్రాళ్ల ఫోన్లు చూడండి. బండి హ్యాండిల్‌కు బిగించి ఉంటాయి, నెత్తిన ఎండ. మ్యాపు నడుస్తూ ఉంటుంది, కనబడాలని స్క్రీన్ వెలుగు పూర్తిగా పెంచుతారు, పైగా పవర్ బ్యాంకు నుంచి చార్జింగ్. బ్యాటరీని పాడుచేసేవన్నీ ఒకేసారి మీదపడతాయి. ఎనభై దగ్గర తీసెయ్యమని వాళ్లకెలా చెబుతాం? ఆ రోజు సంపాదన అంతా ఆ ఫోను మీదే. ఎండలో స్క్రీన్ దానంతటదే మసకబారినా, చార్జింగ్ ఆగినా కంగారు పడొద్దని మాత్రం చెప్పగలను. బ్యాటరీని కాపాడటానికి ఫోనే అలా చేస్తుంది.

హోటళ్ల యజమానులకు ఒక విన్నపం. ఆర్డరు కోసం ఈ కుర్రాళ్లు నిలబడే చోట కాస్త నీడ, ఒక ఫ్యాను, నాలుగు ప్లగ్గులు ఏర్పాటు చేయండి.