అతుక్కుపోయిన బ్రేకు

ఈ వారం నా ఒళ్లు మండించింది ఒక రంగుల బొమ్మ. బీటెక్ చివరి ఏడాది కుర్రాడొకడు బస్సు బ్రేకు డ్రమ్ము మీద చేసిన ప్రాజెక్టు తెచ్చి చూపించాడు. ఫైనైట్ ఎలిమెంట్ పద్ధతి, ఆన్సిస్ సాఫ్ట్‌వేర్, ఎరుపూ నీలం రంగులూ, అన్నీ ఉన్నాయి. కాంటాక్టుల దగ్గర నొక్కి చూస్తే అంతటా ‘బాండెడ్’. లైనింగును డ్రమ్ముకు శాశ్వతంగా అంటించేశాడన్నమాట. ఒత్తిడి పటంలో ఒక అంచున మైనస్ అంకెలు: షూ డ్రమ్మును తనవైపు లాగుతోందట! లైనింగు నొక్కుతుంది, రుద్దుతుంది. లాగడం దానికెక్కడిది?

“ఫ్రిక్షనల్ పెట్టలేదేమప్పా?”

“పెడితే ఏం జేసినా కన్వర్జ్ కాల్యా సార్.”

కాదు మరి, లెక్క ఒక జవాబు దగ్గర కుదురుకోదు. ఎక్కడ తాకాయో తెలిస్తేగానీ బలాలు తేలవు, బలాలు తేలితేగానీ ఎక్కడ తాకాయో తెలీదు. అందుకే సాఫ్ట్‌వేర్ ఒక ఊహతో మొదలెట్టి, లెక్కగట్టి, సరిచూసుకుని, మళ్లీ మొదటికొస్తుంది. భాగాలు ఒకదాన్లోకి ఒకటి చొరబడకుండా మధ్యలో కనబడని స్ప్రింగులు పెడుతుంది. అవి మెత్తనైతే భాగాలు దిగబడతాయి, మరీ గట్టివైతే లెక్క నిలవదు.

‘ముందు కాగితం, తర్వాతే మౌస్’ అన్నది నా పాత పాట. గుండు పలకను నొక్కితే ఎంతమేర తాకుతుందో భౌతిక శాస్త్రవేత్త హెర్ట్జ్ 1881లోనే, పాతికేళ్లు నిండకముందే, చేత్తో తేల్చాడు. ఆ లెక్క రాబట్టాకే డ్రమ్ము జోలికి పోవాలి.

బ్రేకంటే మన తిరుపతోళ్లకు తిరుమల ఘాట్ రోడ్డే. 1974 నాటి రెండో దారిలో ఎక్కుతాం, 1944 నాటి పాత దారిలో దిగుతాం. దిగేటప్పుడు కమురు వాసన కొడితే పెద్దవాళ్లు డ్రైవరు వైపు చూస్తారు. చెయ్యి తిరిగిన డ్రైవరు అలిపిరి దాకా బ్రేకు తొక్కుతూనే కూర్చోడు, చిన్న గేరులో వేసి బండిని ఇంజనుతోనే పట్టి ఉంచుతాడు. కాగిన లైనింగుకు పట్టు తగ్గుతుంది. వేడికి డ్రమ్ము సాగి లైనింగుకు దూరం జరుగుతుంది. కొండ మీద బయల్దేరినప్పటి కాంటాక్టు కింది మలుపులో ఉండదు.

ఇదంతా చెప్పి కుర్రాణ్ని దులిపేద్దామనే కూర్చున్నాను. కానీ వాడు ఫ్రిక్షనల్ పెట్టి, ఘర్షణ గుణకం 0.3 అని కొట్టి, ఎలాగో కన్వర్జ్ చేయించి ఉంటే? మైనస్ అంకెలు మాయమయ్యేవి, నేనూ శభాష్ అనేవాణ్ణి. ఆ 0.3 ఏ మలుపు దగ్గరిదని ఎవరూ అడిగేవారు కారు. బాండెడ్ అబద్ధం తనను తానే పట్టించింది. 0.3 అబద్ధం దర్జాగా రిపోర్టెక్కేది.

కాబట్టి పిల్లలూ, మొదటి రన్ను బాండెడ్‌తోనే చేయండి. ఎక్కడ లాగుతోందో చూసి ఆ ఒక్క జాయింటు విప్పండి. ఘర్షణ గుణకం తక్కువొకటి, ఎక్కువొకటి పెట్టి, జవాబు ఎంత మారిందో రిపోర్టులో రాయండి. రంగుల బొమ్మ లేకున్నా నేను మార్కులేస్తాను.