ఎనిమిది అడుగుల గొలుసు

కొయ్య ఉయ్యాల కనిపిస్తే మన చూపు ముందు చెక్కడం మీద పడుతుంది. తలవైపు పలక మీద చిలకలు, కాళ్ళవైపు తామరపువ్వు, తరిమెన పట్టిన నున్నని ఊచలు. అవి అందమైనవే, కాదనను. అయితే కోనసీమ ఇళ్ళలో ఉయ్యాల చేసిన అసలు మేలు ఏమిటో తెలియాలంటే చూపు పైకెత్తాలి. దూలానికి దిగేసిన కొక్కెం దగ్గర మొదలై, ఎనిమిది అడుగులు కిందికి దిగి, పెట్టె నాలుగు మూలలనూ పట్టుకున్న ఆ గొలుసులోనే పనితనం ఎక్కువగా ఉంది. ఉయ్యాల అంటే పెట్టె ఒక్కటే కాదు. పైకప్పు, గొలుసు, పెట్టె మూడూ కలిస్తేనే ఉయ్యాల. మొదటి రెండింటినీ వదిలేసి పెట్టెను మాత్రం ఉంచుకుంటే అది ఉయ్యాల రూపంలో ఉన్న చిన్న మంచం అవుతుంది. అమలాపురం, రాజోలు, కొత్తపేట వైపు డాబాలు లేచాక మెల్లగా జరుగుతూ వచ్చింది అదే. పోయినదాన్ని తిరిగి తెచ్చుకోవడం కష్టం కాదని, అందుకు తగిన కారణాలూ ఉన్నాయని నా వాదన.

పాత మండువా లోగిలి కట్టుబడి చూడండి. నడుమ ఆకాశానికి తెరిచిన మండువా, చుట్టూ వసారాలు, పైన పెంకు, పెంకు కింద తాటి వాసాలు, వాటిని మోసే లావాటి దూలాలు. దూలం పది పదకొండు అడుగుల ఎత్తున ఉండి, ఉయ్యాల అడుగు నేలకు రెండడుగుల పైన ఉంటే, వేలాడే పొడవు ఎనిమిది అడుగులకు అటూ ఇటూగా తేలుతుంది. లోలకం ఊగే సమయం దాని పొడవును బట్టి ఉంటుంది కానీ బరువును బట్టి కాదని హైస్కూలు పిల్లలు కూడా చదువుకుంటారు. పొడవు నాలుగింతలైతే ఒక ఊపుకు పట్టే సమయం రెండింతలవుతుంది. లెక్క వేస్తే, 8 అడుగుల ఉయ్యాల అటు వెళ్ళి ఇటు రావడానికి 3 సెకన్ల పైచిలుకు పడుతుంది. చట్రానికి 2 అడుగుల కింద వేలాడే స్టాండు ఉయ్యాలకు సెకనున్నర. తేడా సమయంలో మాత్రమే ఉందనుకోకూడదు. రెండింటినీ సరిగ్గా జానెడు దూరమే ఊపినా, ప్రతి మలుపులోనూ పొట్టి ఉయ్యాలలోని బిడ్డకు తగిలే కుదుపు నాలుగింతలు ఉంటుంది. నెలల బిడ్డ మెడ ఇంకా నిలవదు కాబట్టి ఆ తేడాను చిన్నదిగా తీసిపారేయలేం. పాత వడ్రంగి ఈ సూత్రం రాసుకుని ఉండడు. కానీ ఎత్తైన దూలం నుంచి వేలాడదీయడమనే అలవాటు ఆ సూత్రం చెప్పిన చోటికే చేరింది.

నెమ్మది ఊపు వల్ల నిజంగా మేలుందా అని అడగవచ్చు. 2011లో జెనీవా పరిశోధకులు పెద్దవాళ్ళను ఊగే మంచం మీద పడుకోబెట్టి పరీక్షించారు. నాలుగు సెకన్లకు ఒక ఊపు చొప్పున ఊగినప్పుడు వాళ్ళు మామూలుకన్నా త్వరగా నిద్రలోకి జారారు. 2019లో రాత్రంతా అలాగే ఊపి చూస్తే గాఢనిద్ర పెరిగింది. పరిశోధకులు ఎంచుకున్న ఆ నాలుగు సెకన్లకు మన దూలం ఉయ్యాల ఎంత దగ్గరగా ఉందో, స్టాండు ఉయ్యాల ఎంత దూరంగా ఉందో చూడండి. అయితే అవి పెద్దవాళ్ళ మీద జరిగిన పరీక్షలన్న మాట దాచకూడదు. ఏడుస్తున్న పసిబిడ్డ నెమ్మది ఊపుకు ఊరుకోడనీ, కాస్త వేగం కావాలనీ తల్లులందరికీ తెలుసు. ఈ అభ్యంతరం సబబైనదే, కానీ అది కూడా పొడవాటి గొలుసు వైపే మొగ్గుతుంది. పొడవు గొలుసు ఉయ్యాలను గట్టిగా తోస్తే దూరం పెరిగి ఊపు బలపడుతుంది. బిడ్డ కుదుటపడ్డాక చెయ్యి తీస్తే తనంతట తానే నెమ్మదిస్తుంది. పొట్టి ఉయ్యాల ఎంత మెల్లగా తోసినా సెకనున్నరకు మించి ఆగదు. ఊరడించడానికీ నిద్రపుచ్చడానికీ ఒకే పరికరం పనికిరావాలంటే గొలుసు పొడుగ్గానే ఉండాలి. స్ప్రింగు ఉయ్యాల సంగతి వేరు. అది బిడ్డను పైకీ కిందికీ ఎగరేస్తుంది, దాన్ని ఊపు అనడానికే నాకు మనసొప్పదు.

ఇక ఎన్ని కొక్కేలు? ఒకే కొక్కేనికి నాలుగు గొలుసులూ కలిపితే పెట్టె గిరగిరా మెలి తిరుగుతుంది, బిడ్డ ఒక చివరకు జరిగితే ఆ వైపు ఒరుగుతుంది. పెట్టె పొడవుకు సరిపడా ఎడంగా రెండు కొక్కేలు వేసి, తలవైపు జత ఒకదానికీ కాళ్ళవైపు జత మరొకదానికీ తగిలిస్తే ఉయ్యాల ఒకే దారిలో పక్కలకు ఊగుతుంది, అడుగు సమంగా నిలుస్తుంది. కొబ్బరి పీచు తాడు మన సీమలో చేతికందే సరుకే అయినా, కొక్కెం దగ్గర రాత్రింబవళ్ళు రాపిడి పడే చోట పీచు పైకి తెలియకుండా తెగుతూ వస్తుంది. గొలుసు ఎందుకంటే అరుగుదల కంటికి కనిపిస్తుంది. ఖాళీ ఉయ్యాల ఊపకూడదని మన పెద్దలు అనే మాటలో భయం ఎంత ఉన్నా, కడియాల అరుగుదల తగ్గించే బుద్ధి కూడా అందులో ఉంది. మరాఠీ, కన్నడ ఇళ్ళలో పేరు పెట్టే రోజున బిడ్డతో పాటు పొత్రం రాయికీ ఉయ్యాల వేడుకలో చోటుంటుంది. దాని వెనుక నమ్మకం ఏదైనా, రాతి బరువుకు తొణకని ఉయ్యాల బిడ్డకు ధైర్యంగా సరిపోతుంది. బారసాల నాడు, 11వ రోజైనా 21వ రోజైనా, బిడ్డను వేసే ముందు అంతకు రెట్టింపు బరువు పెట్టి కాసేపు ఊపి చూడడం ఎవరైనా పాటించదగ్గ పని.

కర్ణాటకలో ధార్వాడ జిల్లా కలఘటగి కొయ్య ఉయ్యాలలకు పేరుపడ్డ చోటు. అక్కడి చిత్రగార కుటుంబాలు టేకు తొట్టిళ్ళ మీద లక్క రంగులతో రామాయణ, భారత, కృష్ణలీలా ఘట్టాలు వేస్తాయి, ఒకే తొట్టిలు తరాల పాటు చేతులు మారుతుంది. వాళ్ళ ‘తొట్టిలు’, మన ‘తొట్టె’ ఒకే మాట. కోనసీమలో అంత చిత్రకళ లేదు. అది లోటుగా అనుకోను. ఇక్కడి విలువ కొయ్యను తెలుసుకోవడంలో ఉంది. చుట్టూ గోదావరి పాయలు, పక్కన సముద్రం, కాలువల తేమ. ఇక్కడ చెక్క వానకాలంలో ఉబ్బి, వేసవిలో కుంచించుకుంటుంది. అదీ పొడవులో కాదు, వెడల్పులో. పాపికొండల వైపు నుంచి తెప్పలుగా గోదావరి మీద దిగిన టేకుకు ఈ ప్రాంతం విలువ ఇచ్చింది అది తక్కువగా కదులుతుంది కనుక. అంత ఖరీదు పెట్టలేని ఇంటికి పెరటి పనస ఉంది. బొబ్బిలి వీణలకు వాడే కొయ్య అదే. చేవ పసుపుగా మొదలై ఏళ్ళు గడిచేకొద్దీ తేనెరంగు దాటి గోధుమరంగుకు తిరుగుతుంది. వేప చేవ కూడా మంచిదే, దాని చేదుకు పురుగు తొందరగా చేరదు. తాటి, కొబ్బరి మానులు దూలాలకూ వాసాలకూ సరే కానీ ఊచలకు వద్దు: బయట గట్టి, లోపల మెత్తన, పైగా పీచు చీలి చేతికి గుచ్చుకుంటుంది. ఏ కొయ్యైనా తెల్ల చెక్క తీసేసి చేవ మాత్రమే వాడాలి, పచ్చిగా ఉండగా పని మొదలుపెట్టకూడదు.

పెట్టె కొలతలు పాత లెక్కలోనే చెబుతాను: రెండు మూరల పొడవు, మూర వెడల్పు, జానెడు మీద బెత్తెడు లోతు. పుట్టినప్పుడు బిడ్డ పొడవు 50 సెంటీమీటర్ల దరిదాపు, ఆరు నెలలకు 65 దాటుతుంది. రెండు మూరలంటే 90, కాబట్టి ఉయ్యాల వయసంతా చాలుతుంది. తల, కాళ్ళ పలకలను చట్రానికి మేకులతో బిగిస్తే ఒక వానకాలం చాలు, చీలడానికి. చట్రంలో గాడి తీసి, అందులో పలకను బంక పెట్టకుండా కాస్త వదులుగా కూర్చోబెడితే ఉబ్బడానికీ కుంచించుకోవడానికీ చోటుంటుంది. తలుపు చేసే ప్రతి వడ్రంగికీ ఇది తెలుసు. మూలల్లో ఒక చెక్క చివరను నాలుకలా చెక్కి, రెండో చెక్కలో తొలిచిన బెజ్జంలోకి దించి, అడ్డంగా కొయ్య చీల కొడతారు. ఇనప మేకు ఈ ఉప్పుగాలికి తుప్పు పట్టి చుట్టూ కొయ్యను తినేస్తుంది. చీల వదులైతే తీసి కొత్తది కొట్టవచ్చు. అడుగు ఒకే పలక కాకుండా పట్టీలుగా ఉంటే గాలి ఆడుతుంది, తడి ఆరుతుంది. ఊచల మధ్య సందు మాత్రం పాత అలవాటుకు వదిలిపెట్టకూడదు. అమెరికా ప్రమాణం ప్రకారం అది 6 సెంటీమీటర్లు మించకూడదు. బెత్తెడు సందులో బిడ్డ ఒళ్ళు జారి తల ఇరుక్కునే ప్రమాదముంది, మూడు వేళ్ళ ఎడం క్షేమం. మూర, జానెడు బాగానే ఉన్నాయి కానీ ఇక్కడ టేపు పెట్టాల్సిందే. రంగు విషయంలోనూ అంతే. పళ్ళొచ్చే బిడ్డ అంచు కొరుకుతుంది. గృహాలంకరణ రంగుల్లో సీసం 90 పీపీఎం మించరాదని మన దేశంలో 2017 నవంబరు నుంచి నిబంధన అమల్లో ఉంది, కానీ ఇంట్లో మిగిలిన పాత డబ్బాకు ఆ హామీ లేదు. ఏటికొప్పాకలో అంకుడు బొమ్మలకు వాడే లక్క, చెట్టు రంగులు ఇక్కడికి సరిగ్గా సరిపోతాయి. తలపైన వేలాడే చిలకల పందిరి కూడా అక్కడి నుంచే తెప్పించుకోవచ్చు.

అన్నిటికన్నా బరువైన అభ్యంతరం పిల్లల డాక్టర్లది. పసిబిడ్డను గట్టిగా, సమంగా ఉన్న పరుపు మీద వెల్లకిలా పడుకోబెట్టాలనీ, దిండ్లూ మెత్తని దుప్పట్లూ దగ్గర ఉండకూడదనీ వాళ్ళు చెబుతారు. 1990ల్లో వెల్లకిలా పడుకోబెట్టమన్న ప్రచారం తర్వాత అమెరికాలో నిద్రలో జరిగే ఆకస్మిక శిశుమరణాలు సగానికి పైగా తగ్గాయి. ఈ ఆధారం ముందు సంప్రదాయం తల వంచాలి. ఉయ్యాలలో ఆవాల దిండు, బొంతల కుప్ప, చుట్టూ కట్టే మెత్తలు తీసేయాలి. కానీ ఈ నియమాలను జాగ్రత్తగా చూస్తే అవి కొయ్య ఉయ్యాలకు అడ్డురావు. 2022 నుంచి అమెరికాలో శిశువులు నిద్రించే సాధనాల వాలు 10 డిగ్రీలు మించకూడదు. రెండు కొక్కేల ఉయ్యాల అడుగు నిలిచి ఉన్నప్పుడు వాలదు. చీర ఉయ్యాల పేదింటి తల్లికి పొలం గట్టున కూడా తోడొచ్చింది, దానిమీద నాకు గౌరవముంది. అయినా అందులో బిడ్డ వెన్ను వంగి గడ్డం గుండెకు ఆనుకుంటుంది. ఊపిరి దారి తెరిచి ఉంచాలన్న డాక్టర్ల పట్టు కొయ్య అడుగు దగ్గరే నెరవేరుతుంది. బిడ్డ అంచు పట్టుకుని లేవబోయిన రోజున, అది ఐదో నెలైనా ఆరో నెలైనా, ఉయ్యాల దించేయాలి. అందులో రాజీ లేదు.

ఆరు నెలల కోసం ఇంత ఖర్చా అంటే, ఆ ఆరు నెలలు ఒక్క బిడ్డవి కావు. పెట్టె అక్క పిల్లల నుంచి చెల్లెలి పిల్లలకూ, పుట్టింటి నుంచి పక్కింటికీ వెళుతుంది. చీలలు మార్చి, చిత్రిక పట్టి, మళ్ళీ లక్క పూస్తే కొత్తదవుతుంది. ప్లాస్టిక్ తొట్టె విరిగితే అతికేవాళ్ళు లేరు. ఇక దూలాలే లేవు కదా అన్న మాట. 1996 నవంబరు 6 తుఫానును చూసినవాళ్ళు పెంకులు, తాటాకులు వదిలి డాబాలు కట్టుకున్నారంటే తప్పు పట్టలేం. అయితే శ్లాబు కూడా పది అడుగుల ఎత్తునే ఉంటుంది, అంటే పోయింది ఎత్తు కాదు, కొక్కెం ఒక్కటే. శ్లాబు పోసే ముందు ఫ్యాను కోసం ఇనప కొక్కెం కట్టడం మేస్త్రి ఎలాగూ మరిచిపోడు. అదే రోజు, పడకగదిలో ఫ్యానుకు దూరంగా, గోడకు మూడడుగుల ఎడంగా, ఒకదానికొకటి రెండు మూరల దూరంలో మరో రెండు కొక్కేలను లోపలి చువ్వలకు కట్టించమని చెబితే చాలు.