యశోదకు కూలి ఎంత?

మహాశ్వేతాదేవి బెంగాలీలో రాసిన ‘స్తనదాయిని’ కథలో జశోద వృత్తి తల్లితనం. ఇది అలంకారంగా అన్న మాట కాదు. భర్త కాంగాలీచరణ్ కాళ్లు హాల్దార్‌ల ఇంటి కుర్రాడు నడిపిన కారు కింద నలిగిపోయాయి. ఇల్లు గడవక, వంటపని అడుగుదామని ఆ ఇంటి గడపే తొక్కిన జశోద, అక్కడ ఆకలికి ఏడుస్తున్న పసివాడికి చన్నిచ్చింది. ఆ పూటకే ఆమెకు కొలువు కుదిరింది. కోడళ్ల ఒంటి బిగువు చెడకూడదు కాబట్టి వాళ్ల పిల్లలకు ఆమె పాలివ్వాలి. ఆమెకు పాలు ఎండిపోకూడదు కాబట్టి ఆమె ఎప్పుడూ కడుపుతోనో, బాలింతగానో ఉండాలి. బతికినవాళ్లూ పోయినవాళ్లూ కలిపి ఇరవై కాన్పులు. చివరికి రొమ్ము కేన్సర్. పెంచిన పిల్లల్లో, కన్న పిల్లల్లో ఒక్కరూ దగ్గర లేకుండా ఆసుపత్రిలో చనిపోతుంది.

ఇదే కథను మన వారపత్రికల మాతృదినోత్సవ సంచికకు ఇస్తే ఏమయ్యేదో ఊహించడం కష్టం కాదు. త్యాగమూర్తి, కృతఘ్నులైన బిడ్డలు, ఆఖరి పేజీలో ఒక కొడుకు పశ్చాత్తాపం. మహాశ్వేత చేసిన పని వేరు. ఆమె కథంతా ఒక వ్యాపారపు లెక్కలా చెబుతుంది. ఎన్ని కాన్పులు, ఎంతమంది పాలపిల్లలు, బదులుగా ఏం ముట్టింది. గొంతులో వెటకారం ఉంటుంది, జాలి ఉండదు. అందరూ జశోదకు దండం పెడతారు, జగజ్జనని అంటారు. దండానికి ఖర్చు లేదు కదా! పాలకు కూలి కట్టడం మొదలుపెట్టగానే పూజ ఎందుకు అవసరమైందో పాఠకుడికి తెలిసిపోతుంది. రచయిత్రి ఈ కథను స్వతంత్ర భారతానికి ప్రతీకగా చెప్పుకున్నారు. అందరూ పిండుకుని, ఎవరూ తిరిగి ఇవ్వని తల్లి అన్నమాట. నాకైతే ఆ ప్రతీక కన్నా జశోద రొమ్ము మీద పుండే ఎక్కువ చెబుతుంది.

ఆధునిక కథాసాహిత్యంలో కట్టు తప్పిన తల్లులు అనగానే పిల్లల్ని వదిలేసినవాళ్లు, చంపినవాళ్లు, అసలు కననంటున్నవాళ్లు గుర్తొస్తారు. ఏం చేసిందన్నది అంత ముఖ్యం కాదని నా అభిప్రాయం. చెడ్డ తల్లులు పురాణాల్లోనూ ఉన్నారు, సినిమాల్లో సవతి తల్లులకూ కొదవలేదు. తేడా అంతా కథ ఎక్కడ నిలబడి చూస్తోందన్న దాంట్లో ఉంది. పాత కథలో తల్లిని కొడుకు చూస్తాడు. ఆమె అతడి ఆకలికి అన్నం, అతడి ప్రయాణానికి గుమ్మం. కొడుకు అమెరికా వెళ్లాక కూడా ఆమె గుమ్మంలోనే ఉంటుంది. కొత్త రచయిత్రులు ఆ చూపును పక్కకు జరిపారు. ఎటు జరిపారన్నదే వాళ్ల పనితనం.

టోనీ మోరిసన్ ‘బిలవ్డ్’ (1987) చూడండి. బానిసత్వం నుంచి పారిపోయి వచ్చిన సెథె, పట్టుకోవడానికి వచ్చినవాళ్లను చూసి తన పసిపాపను తానే చంపుతుంది. 1856లో మార్గరెట్ గార్నర్ అనే స్త్రీ చేసిన పని దీనికి ఆధారం. నవల చాలా దూరం నడిచాక గానీ ఈ సంగతి బయటపడదు. బయటపడ్డప్పుడు కూడా ముందు తల్లి చెప్పదు. పట్టుకోవడానికి వచ్చిన తెల్లవాళ్ల కళ్లతో చూస్తాం. వాళ్లకు కనిపించేది పాడైపోయిన సరుకు, వచ్చిన నష్టం. తర్వాత సెథె తనతో ఉంటున్న పాల్ డీకి చెప్పబోతుంది, గదిలో చుట్టూ చుట్టూ తిరుగుతుంది, సూటిగా అసలు విషయానికి రాలేదు. మోరిసన్ ఆమెను క్షమించమని మనల్ని అడగదు, శిక్షించమనీ అడగదు. తీర్పు చెప్పడానికి సిద్ధమైన పాఠకుడు తానెవరి పక్కన నిలబడి ఆ దృశ్యం చూశాడో గుర్తుచేసుకుని ఇబ్బంది పడతాడు.

మళ్లీ మహాశ్వేత దగ్గరికే వస్తే, తెలుగులో ‘ఒక తల్లి’గా వచ్చిన ‘హజార్ చురాశీర్ మా’ (1974) ఒక్క రోజు కథ. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం, రాత్రి. ఆ రోజు నక్సల్బరీ కాలంలో చంపబడిన చిన్నకొడుకు వ్రతి పుట్టినరోజు, అదే రోజు కూతురి నిశ్చితార్థం. శవాగారంలో 1084వ నంబరుగా మిగిలిన కొడుకు ఎవరో తల్లి సుజాతకు తెలియదు. కనుక్కోవడానికి బయల్దేరుతుంది. తల్లికి బిడ్డ గురించి అన్నీ తెలుసన్న నమ్మకాన్ని ఈ నవల మొదటి పేజీల్లోనే పక్కన పెట్టేస్తుంది. ఆమె ప్రేమ అక్కడి నుంచే మొదలవుతుంది.

తెలుగులో ఓల్గా ‘విముక్త’ కథలకు 2015లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. అందులో ‘సైకత కుంభం’ నాకు ప్రత్యేకం. ఇసుకతో కుండ చేసి నీళ్లు తెచ్చే రేణుక పాతివ్రత్యం క్షణంపాటు చెదిరిందని, ఆమెను చంపమని జమదగ్ని కొడుకులకు చెప్పాడు, పరశురాముడు తల నరికాడు. పురాణంలో ఇది పితృవాక్య పరిపాలన. తల్లి మళ్లీ బతికింది కాబట్టి కథ సుఖాంతం. బతికి వచ్చిన తల్లి ఆ కొడుకును ఏ కళ్లతో చూసిందని పురాణం అడగలేదు. ఓల్గా అడిగింది. అడవిలో సీత రేణుకను కలుస్తుంది, ఇద్దరూ మాట్లాడుకుంటారు, అంతే కథ. భర్తల మీద, కొడుకుల మీద ఆధారపడ్డ బతుకు గురించి రేణుక చెప్పింది అప్పటికి సీతకు మింగుడుపడదు. లవకుశులు పెరిగాక అర్థమవుతుంది.

ఓల్గా పాత్రలు కథ ఆపి ఉపన్యాసమిస్తాయని ఒక ఫిర్యాదు ఉంది. కొన్ని కథల విషయంలో అది నిజమే. ఇక్కడ మాత్రం ఆ సంభాషణ అతికినట్టు అనిపించదు. ఒకరు అడగడం, ఒకరు చెప్పడం మన పురాణాల పాత పద్ధతి. అడిగేదీ చెప్పేదీ ఇద్దరూ ఆడవాళ్లు కావడమే కొత్త. పైగా రేణుక మనకు పుస్తకాల్లో మాత్రమే ఉన్న మనిషి కాదు. తెలంగాణలో ఆమె ఎల్లమ్మ, బల్కంపేటలో బోనాలందుకునే తల్లి. కొడుకు చేతిలో తెగిన తలను ఊళ్లు తల్లిగా కొలుస్తూనే ఉన్నాయి. అలాంటప్పుడు ఓల్గా కథను దిగుమతి సరుకు అనేవాళ్లను చూస్తే నవ్వొస్తుంది.

పి. సత్యవతి ‘ఇల్లలకగానే’ చిన్న కథ. ఇల్లు అలుకుతూ అలుకుతూ ఒక ఇల్లాలు తన పేరు మరిచిపోతుంది. పిల్లల్ని అడిగితే, నువ్వు అమ్మవి, ఇంకో పేరెందుకన్నట్టు చూస్తారు. ఉపమానంగా వాడే మాటను నిజంగా జరిగిన సంఘటనగా మార్చేయడం సత్యవతి ఎత్తుగడ. ఇంట్లో ఎవరూ దుర్మార్గులు కారు, అందుకే కథ గుచ్చుకుంటుంది. అయితే గూట్లో దేవతలా కూచుండే ఆ అమ్మ అన్ని ఇళ్లలోనూ లేదు. ‘ఏనుగంత తండ్రి కన్నా ఏకులబుట్టంత తల్లి నయం’ అని సామెతనే పేరుగా పెట్టుకున్న గోగు శ్యామల కథలో తల్లి కూలికి పోతేనే పొయ్యి వెలిగేది. ఇల్లాలి చెర గురించి రాసినవాళ్లలో చాలామంది ఈ తల్లిని చూడలేదు.

ఇటలీ రచయిత్రి ఎలెనా ఫెరాంటే ‘ది లాస్ట్ డాటర్’ (2006) మరింత చిక్కుది. లేడా యూనివర్సిటీలో పాఠాలు చెప్పే మనిషి. ఒకప్పుడు ఇద్దరు కూతుళ్లను వదిలేసి మూడేళ్లు వెళ్లిపోయింది. ఇప్పుడు సముద్రపు ఒడ్డున సెలవులు గడుపుతూ ఎవరి పిల్లదో బొమ్మ దొంగిలిస్తుంది. ఎందుకో చెప్పదు, ఆమెకూ తెలియదు. పెద్ద తప్పును వెనక్కి నెట్టి, పిల్లచేష్టలాంటి చిన్న తప్పు చుట్టూ నవలంతా తిప్పడం ఫెరాంటే నేర్పు. భర్త తాగుబోతు కాదు, అత్త ఆరళ్లు లేవు. ఊపిరాడలేదు, వెళ్లింది. తర్వాత తిరిగి వచ్చింది.

పుణె నేపథ్యంగా అవనీ దోషి ఇంగ్లీషులో రాసి, 2020లో బుకర్ తుది జాబితాకు వెళ్లిన ‘బర్న్‌ట్ షుగర్’లో చెప్పేది కూతురు. చిన్నప్పుడు తనను వెంటబెట్టుకుని ఆశ్రమంలో చేరిన తల్లికి ఇప్పుడు జ్ఞాపకం చెదిరిపోతోంది. కూతురి దగ్గర ఫిర్యాదుల మూట అలాగే ఉంది, ఒప్పుకోవలసిన సాక్షి మాత్రం మరిచిపోతోంది. పైగా ఆ కూతురి మాట ఎంతవరకు నమ్మాలో మనకూ తెలియదు.

మన కథల్లో తల్లి గడప దాటితే రచయితలు వెంటనే కారణం చేతికిస్తారు. మొగుడు కొట్టాడు, అత్త వేధించింది, పిల్లల మేలు కోరింది. పాఠకుడు ఒప్పుకోవడానికి అదొక టోల్‌గేటు. చలం 1927లోనే ‘మైదానం’ రాజేశ్వరిని ఆ రుసుము కట్టకుండా పంపించాడు. ప్లీడరు మొగుడు ఆమెను హింసించలేదు, ఆమెకు అమీర్ కావలసి వచ్చాడు. కానీ రాజేశ్వరి వెళ్లేనాటికి ఆమె చంకలో బిడ్డ లేదు. బిడ్డ ఉండి, హింస లేకుండా, సంజాయిషీ ఇవ్వకుండా వెళ్లి, మళ్లీ వచ్చి పిల్లలకు అన్నం కలిపిన తల్లి నేను చదివిన తెలుగు కథల్లో నాకింకా ఎదురుపడలేదు.