చచ్చినవాణ్ణి పడుకోబెట్టే పనితనం

థోరాల్ఫ్ అనే కుంటి ముసలాయన కొడుకుతో తగాదా పడి ఇంటికొచ్చాడు. తిండి ముట్టలేదు. పెద్దకుర్చీలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఉండి, తెల్లారేసరికి బిగుసుకుపోయాడు. కబురందుకుని కొడుకు ఆర్న్‌కెల్ వచ్చాడు. శవం కళ్లు మూసేదాకా దాని ఎదుటికి ఎవరూ పోవద్దని అందరినీ ఆపాడు. తాను వెనకనుంచి వెళ్లి తలకు గుడ్డ చుట్టాడు. ఆ పైన చేయించిన పని చూడండి: గుమ్మంలోంచి తీసుకుపోకుండా, కుర్చీ వెనక గోడ పగలగొట్టించి ఆ కంతలోంచి శవాన్ని బయటికి లాగించాడు. చచ్చినవాడు వెళ్లిన దారినే తిరిగొస్తాడు కాబట్టి, ఆ దారే మిగలకుండా చేయడం ఇందులోని కిటుకు.

13వ శతాబ్దంలో ఐస్‌లాండ్‌లో రాసిన ‘ఐర్‌బిగ్యా సాగా’లోది ఈ ఘట్టం. ఆర్న్‌కెల్ చూపులో భయం కనిపించదు, తొందర అసలే ఉండదు. తెలిసిన పని తెలిసినట్టు చేసుకుపోతాడు. దెయ్యం కథల్లో గొప్పతనమంతా దెయ్యం లేవడంలో ఉందని చాలామంది అనుకుంటారు. శవాన్ని లేపడం ఎవడైనా చేస్తాడు. లేచినదాన్ని మళ్లీ పడుకోబెట్టడంలోనే కథకుడి సత్తా బయటపడుతుంది.

ఈ భయం అన్నిచోట్లా ఒకేలా లేదు. మన తెలుగునాట దింపుడు కళ్లం దగ్గర పాడె దించి, పోయినవాడి చెవిలో మూడుసార్లు పేరుపెట్టి పిలుస్తారు. లేస్తాడేమోనన్న ఆశ అది. యూరప్ పల్లెల్లో చాలాచోట్ల లేస్తాడేమోనన్న బెంగ. ఆ బెంగలోంచే నాలుగు రకాల పద్ధతులు పుట్టుకొచ్చాయి.

మొదటిది దారి మూయడం. డెన్మార్క్ పల్లెల్లో శవం కోసం గోడలో వేరే ద్వారం ఉంచి, పని కాగానే ఇటుకలతో మూసేసిన ఇళ్లున్నాయి. రెండోది కట్టిపడేయడం. పోలండ్‌లోని పియెన్ గ్రామంలో 2022లో తవ్విన 17వ శతాబ్దపు సమాధిలో ఒక స్త్రీ మెడమీద కొడవలి అడ్డంగా పెట్టి ఉంది. లేవబోతే తల తెగేలా అంచు మెడవైపే తిప్పి ఉంచారు. ఎడమకాలి బొటనవేలికి తాళంకప్ప కూడా వేశారు. తలమీది పట్టువస్త్రం ఆనవాళ్లు చూస్తే ఆమె కలిగిన ఇంటి మనిషేనని తెలుస్తుంది. మూడోది తునకలు చేయడం: గుండెలో మేకు, తల నరకడం, నిప్పు. నాలుగోది రాజీ. అన్నిటికన్నా గొప్పది ఇదే.

రాజీకి మొదటి నమూనా ఇంగ్లండ్‌లో ఉంది. 12వ శతాబ్దం చివర చరిత్ర రాసిన న్యూబర్గ్ విలియమ్ చెప్పిన సంగతి. బకింగ్‌హామ్ ప్రాంతంలో చచ్చినవాడొకడు రాత్రుళ్లు భార్య మీద పడుతున్నాడు. సమాధి తవ్వి కాల్చేయడమే అక్కడివాళ్ల ఆనవాయితీ. లింకన్ బిషప్ హ్యూ అందుకు ఒప్పుకోలేదు, అది అమర్యాద అన్నాడు. పాపక్షమాపణ పత్రం స్వయంగా రాసి శవం గుండెమీద పెట్టించాడు. మళ్లీ ఆ మనిషి తిరగలేదట. గడ్డపార, గొడ్డలి అక్కర్లేకుండా ఒక్క కాగితంతో పని ముగించిన ఘనుడు!

రాజీ పద్ధతికి పరాకాష్ఠ మాత్రం మళ్లీ ఐర్‌బిగ్యా సాగాలోనే ఉంది. ఫ్రోదా అనే చోట థోర్‌గున్నా అనే స్త్రీ చనిపోతూ తన పక్కబట్టలు కాల్చేయమంది. ఇంటి ఇల్లాలికి వాటిమీద మోజు పుట్టి, కాల్చనివ్వలేదు. ఇక చావులు మొదలయ్యాయి. ముప్పైమంది పనివాళ్లలో పద్దెనిమిదిమంది పోయారు, ఐదుగురు పారిపోయారు. సముద్రంలో మునిగిపోయిన ఇంటి యజమాని తన మనుషులతో తడిబట్టల్లోనే వచ్చి పొయ్యి పక్కన కూర్చుని నీళ్లు పిండుకున్నాడు. మట్టిలో పూడ్చినవాళ్లు ఇంకో గుంపుగా వచ్చి, ఒంటిమీది మట్టి వాళ్లమీద దులిపారు. బతికినవాళ్లు పక్కగదిలో వేరే నిప్పు రాజేసుకోవాల్సి వచ్చింది.

అప్పుడు స్నోరి అనే పెద్దమనిషి చెప్పిన ఉపాయంతో, ముందు పక్కబట్టలు కాల్చి, ఇంటి గుమ్మం దగ్గర కోర్టు పెట్టారు. అనుమతి లేకుండా ఇంట్లో తిరుగుతున్నారనీ, మనుషుల ప్రాణాలూ ఆరోగ్యమూ తీస్తున్నారనీ ఒక్కొక్క ప్రేతం మీదా పేరుపేరునా అభియోగం మోపారు. సాక్షులు, వాదన, తీర్పు, అన్నీ మనుషులకు జరిగినట్టే జరిగాయి. తీర్పు విన్న ప్రేతం లేచి, కూర్చోనిచ్చినంతసేపు కూర్చున్నాంలే అన్న ధోరణిలో ఒక మాట అని, కోర్టు లేని వైపు గుమ్మంలోంచి బయటికి నడిచింది. ఒకదాని వెనక ఒకటి అన్నీ వెళ్లిపోయాయి. ఆఖర్న పూజారి ఇల్లంతా తీర్థం చల్లాడు. దెయ్యం కూడా చట్టానికి లోబడుతుందని ఇంత నిబ్బరంగా, ఇంత హాస్యంగా రాసిన మహానుభావుడి పేరు కూడా మనకు దక్కలేదు. ప్రపంచ దెయ్యం సాహిత్యంలో దీనికి సాటి లేదు.

పని సగంలో వదిలేస్తే ఏమవుతుందో కూడా ఆ సాగా దాచలేదు. గోడ పగలగొట్టి బయటికి తెచ్చినా థోరాల్ఫ్ ఊరుకోలేదు. కొడుకు అతన్ని మరో కొండకొమ్ముకు మార్చి అడ్డుగోడ కట్టించాడు. కొడుకు పోయాక మళ్లీ లేస్తే, థోరోద్ అనే ఆసామి తవ్వి తీసి తగలబెట్టాడు. బూడిద గాలికి ఎగిరి ఒడ్డున రాళ్లమీద పడింది. ఆ రాళ్లు నాకిన ఆవుకు ఒక దూడ పుట్టింది. అది కోడెగిత్తగా ఎదిగి థోరోద్‌నే కుమ్మి చంపింది.

‘గ్రెట్టిర్ సాగా’ రచయితకు ఈ సంగతి బాగా తెలుసు. గ్లామ్ అనే పశువులకాపరి ప్రేతంతో గ్రెట్టిర్ కుస్తీ పట్టి, తల నరికి, దాన్ని పిరుదుల దగ్గర పెట్టాడు. తర్వాత శవాన్ని కాల్చి, బూడిదను తోలుసంచిలో మూటగట్టి, మనుషుల దారులకూ పశువుల మేతకూ దూరంగా పాతారు. ఇంత పకడ్బందీగా చేసినా మూల్యం తప్పలేదు. తల తెగేముందు వెన్నెల్లో గ్లామ్ కళ్లు చూసిన గ్రెట్టిర్, దేశంలోకెల్లా బలవంతుడు, ఆనాటినుంచి చీకట్లో ఒంటరిగా ఉండలేకపోయాడు.

మరి చేతకానివాళ్లు పూనుకుంటే? 1700 చివర్లో గ్రీకు ద్వీపం మికోనోస్‌లో ఫ్రెంచి వృక్షశాస్త్రజ్ఞుడు తుర్న్‌ఫోర్ అలాంటి తతంగం ఒకటి కళ్లారా చూసి రాశాడు. ముసలి కసాయి శవం గుండె తీయబోయి రొమ్ముకు బదులు పొట్ట కోసి, పేగుల్లో చాలాసేపు దేవులాడాడు. కంపు తట్టుకోలేక సాంబ్రాణి వేస్తే, ఆ పొగ శవంలోంచే వస్తోందని జనం హడలిపోయారు. సమాధిలో కత్తులు గుచ్చారు. ఆ ఊళ్లో ఉన్న ఒక అల్బేనియన్ చూసి, పిడి శిలువలా ఉంటే దయ్యం బయటికెలా పోతుంది, తురక కత్తులు గుచ్చండయ్యా అన్నాడు. చివరికి 1701 జనవరి 1న శవాన్ని పక్క ద్వీపానికి తీసుకెళ్లి తగలబెట్టారు.

సెర్బియా పల్లెల్లో 1725, 1732 రక్తపిశాచి కేసుల మీద ఆస్ట్రియా అధికారులు రాసిన నివేదికలతో ఈ కథలు యూరప్ అంతా పాకాయి. ఉబ్బిన ఒళ్లు, నోట్లో నెత్తురు, అంతా కుళ్లే శరీరంలో మామూలేనని తర్వాత తేలింది. మహారాణి మరియా థెరీసా 1755లో సమాధులు తవ్వడం నిషేధించింది. శాస్త్రం గెలిచింది, మంచిదే. పనితనం మాత్రం కథకుల చేతికొచ్చింది.

అక్కడా ఘనులున్నారు. లె ఫానూ 1872లో రాసిన ‘కార్మిల్లా’లో మేకు, శిరచ్ఛేదం, దహనం, బూడిద నదిలో కలపడం వరసగా జరుగుతాయి. జేకబ్స్ 1902 నాటి ‘కోతి పంజా’ కథలో చచ్చిన కొడుకు తలుపు తడుతుంటే తల్లి గడియ తీస్తోంది, తండ్రి నేలమీద చీకట్లో కోరికలు తీర్చే ఆ పంజా కోసం తడుముతున్నాడు. ఒక్క కోరికతో శవం వెనక్కి పోతుంది. పాఠకుడు దాన్ని చూడనే చూడడు. స్టోకర్ ‘డ్రాకులా’ (1897) పెద్ద పుస్తకమే అయినా, ఆఖరి పోరు రెండు కత్తిపోట్లతో చప్పున తేలిపోతుంది. పిశాచిగా మారిన లూసీ గుండెలో మేకు కొట్టడానికి ఆమెను పెళ్లాడాల్సిన ఆర్థర్‌నే నిలబెట్టడంలోనే స్టోకర్ గొప్పతనముంది.

పతనం సినిమాతో మొదలైంది. నవలలో డ్రాకులా పట్టపగలు లండన్ వీధుల్లో తిరుగుతాడు. ఎండ తగిలితే రక్తపిశాచి చస్తుందన్నది 1922 నాటి ‘నోస్ఫెరాటు’ సినిమా పెట్టిన అడ్డదారి. 1968లో రొమేరో ‘నైట్ ఆఫ్ ది లివింగ్ డెడ్’లో తలకు తూటా చాలన్నాడు. అయినా దాన్ని ఊరికే వాడలేదు. దెయ్యాల నుంచి బయటపడ్డ నల్లజాతి కథానాయకుణ్ణి చివర్లో మనుషులే దెయ్యమనుకుని కాల్చేస్తారు. ఆయన వెనక వచ్చినవాళ్లు ఆ చేదు వదిలేసి తూటా ఒక్కటే పట్టుకున్నారు. ఇవాళ వెబ్ సిరీసుల్లో గంటకు వందమంది లేస్తారు, వందమంది తల పగిలి పడతారు. ఎవరు, ఎందుకు లేచారు? పడగొట్టినవాడు ఏం పోగొట్టుకున్నాడు? అడిగే దిక్కు లేదు. కర్నూలు ఫ్యాక్షన్ మధ్యకు జాంబీలను తెచ్చిన ప్రశాంత్ వర్మ ‘జాంబీ రెడ్డి’ (2021)కి కనీసం మన మట్టివాసన ఉంది. చాలా సినిమాలకు అదీ లేదు.

ఇక పాతసరుకు పేరుతో సాగే బేరాలు చూస్తే ఒళ్లు మండుతుంది. మేకు, సుత్తి, శిలువ, పిస్తోలు పేర్చిన ‘పిశాచ సంహార పెట్టెలు’ 19వ శతాబ్దానివంటూ వేలంలో అమ్ముతారు. ఇంగ్లండ్‌లో లీడ్స్‌లోని రాయల్ ఆర్మరీస్ మ్యూజియం 2012లో ఒకటి కొన్నది. ఇవి 20వ శతాబ్దంలో సినిమాల మోజులో కూర్చినవేనని ఆ మ్యూజియం క్యురేటరే తేల్చాడు. పియెన్ పల్లెవాడికి కావాల్సింది ఇంట్లోని కొడవలి, ఒక తాళంకప్ప. మఖ్మల్ పెట్టె కాదు.

తెలుగులో హారర్ రాసేవాళ్లకూ తీసేవాళ్లకూ ఒక విన్నపం. దెయ్యాన్ని లేపేముందే అది ఎలా పడుకుంటుందో, ఆ పని ఎవరు చేస్తారో, చేసినందుకు వాళ్లు ఏం పోగొట్టుకుంటారో రాసిపెట్టుకోండి. ఈ మూడూ తేలకపోతే శవాన్ని కదపొద్దు. ఐర్‌బిగ్యా సాగా ఇంగ్లీషులో సులువుగానే దొరుకుతుంది. సత్తా ఉన్న అనువాదకులెవరైనా కనీసం ఆ ఫ్రోదా కోర్టు ఘట్టాన్నయినా తెలుగు చేసిపెట్టాలి.