మూత అంచున ఐదు పొరలు: మామిడి గుజ్జు డబ్బాల సీమింగులో దోష నిర్ధారణ

చిత్తూరు, తిరుపతి జిల్లాల మామిడి గుజ్జు కర్మాగారాల్లో జూన్, జూలై నెలల్లో పగలనక రాత్రనక సాగే పనిలో కాయను కడగటం, మాగబెట్టటం, టెంక వేరుచేసి గుజ్జు తీయటం చూసేవారి కంటబడే దశలు కాగా, ఆ గుజ్జు నెలల తరబడి చెడకుండా నిలిచేదీ లేనిదీ తేల్చే దశ మాత్రం డబ్బాకు మూత బిగించే సీమింగ్ యంత్రం కింద రెప్పపాటులో ముగిసిపోతుంది. నంద్యాల జిల్లాలోని బనగానపల్లె పేరుతో 2017లో భౌగోళిక గుర్తింపు పొందిన రకం ఎక్కువగా కోసుకు తినటానికే పోతుండగా, గుజ్జు తీయటానికి ప్రధానంగా వాడేది తోతాపురి. కలెక్టర్ కాయ అనీ బెంగుళూరా అనీ పిలిచే ఈ రకపు గుజ్జే, దుకాణాల దాకా చేరే మామిడి పానీయాల్లో చాలామటుకు ఉంటుంది.

గుజ్జును పెద్ద డ్రమ్ముల్లోని క్రిమిరహిత సంచుల్లో నింపే పద్ధతి వచ్చాక కూడా టిన్ను డబ్బాకు గిరాకీ పోలేదు. ఈ వ్యాపారంలో ఏ-10 అని పిలిచే డబ్బాలో 3.1 కిలోల గుజ్జు పడుతుంది. దాని అడ్డుకొలతనూ ఎత్తునూ వరుసగా 603, 700 అనే రెండు సంఖ్యలతో చెబుతారు. ఒక్కో సంఖ్యలో మొదటి అంకె అంగుళాలను, తక్కిన రెండూ అంగుళంలో పదహారో వంతులను సూచిస్తాయి కనుక 603 అంటే 6 అంగుళాల 3 పదహారో వంతులు, అంటే సుమారు 157 మిల్లీమీటర్ల అడ్డుకొలత. ఈ అడ్డుకొలతను డబ్బా ఒంటి మీద కాక, మూత బిగించాక ఏర్పడిన అంచు మీద తీస్తారు.

ఆ అంచునే డబుల్ సీమ్ అంటారు. డబ్బా పైఅంచు బయటికి వంగి ఉంటుంది. మూత అంచు లోపలికి చుట్టుకుని, ఆ చుట్టులో రబ్బరు వంటి కాంపౌండు పూత ఉంటుంది. డబ్బాను కింది నుంచి బేస్ ప్లేటు పైకి ఎత్తిపట్టగా, మూత గుంటలో చక్ అనే ఉక్కు బిళ్ల కూర్చుంటుంది. అప్పుడు లోతైన గాడి గల మొదటి రోలరు మూత అంచును డబ్బా అంచు కిందికి మడిచి, ఒక కొక్కెం మరో కొక్కెంలో చిక్కుకునేలా చేస్తుంది. గాడి లోతు తక్కువగా ఉండే రెండో రోలరు ఆ మడతను అదిమి, కాంపౌండును సందుల్లోకి నెడుతుంది. పూర్తయిన సీమును అడ్డంగా కోసి చూస్తే మూతవి మూడు, డబ్బావి రెండు, మొత్తం ఐదు రేకు పొరలు కనిపిస్తాయి. పీటర్ డ్యూరాండ్ 1810లో ఇంగ్లండులో పేటెంటు పొందిన నాటి నుంచి దాదాపు 19వ శతాబ్దమంతా సీసం కలిసిన టంకంతో మూసిన డబ్బాలే చెలామణి అయ్యాయి. టంకం లేకుండా మడతతోనే మూసే ఈ పద్ధతి ఆ శతాబ్ది చివర అమెరికాలో కుదురుకుని, తరువాతి దశాబ్దాల్లో లోకమంతా పాకింది.

సీము బాగోలేదని అనుమానం రాగానే రెండో రోలరును మరికొంచెం బిగించటం అనుభవం లేని ఆపరేటరు చేసే మొదటి పని, సాధారణంగా అదే చెడ్డ పని కూడా. సీము బలమంతా రెండు కొక్కేలు ఒకదాని మీద ఒకటి ఎంత మేర పడుకున్నాయన్న దానిపై ఆధారపడి ఉంటుంది. ఓవర్‌ల్యాప్ అనే ఆ మేరను లెక్కగట్టటానికి మూత కొక్కెం, డబ్బా కొక్కెం, మూత రేకు మందం మూడూ కూడి, అందులోంచి సీము ఎత్తును తీసివేస్తారు. ఉదాహరణకు రెండు కొక్కేలూ చెరి 2 మిల్లీమీటర్లు, రేకు మందం 0.25, సీము ఎత్తు 3 అనుకుంటే ఓవర్‌ల్యాప్ 1.25 మిల్లీమీటర్లు వస్తుంది. బేస్ ప్లేటు స్ప్రింగు సడలి డబ్బాను చాలినంతగా ఎత్తలేకపోవటం వల్ల డబ్బా కొక్కెం 1.6కు తగ్గితే ఓవర్‌ల్యాప్ 0.85కు పడిపోతుంది. ఈ స్థితిలో రెండో రోలరును అతిగా బిగిస్తే కొక్కెం పెరగకపోగా, నలిగిన సీము కిందికి సాగి ఎత్తు 3.1 అవుతుంది, ఓవర్‌ల్యాప్ 0.75కు దిగజారుతుంది. పైకి చూస్తే మాత్రం ఆ సీము మునుపటికంటే పలచగా, నున్నగా, ముచ్చటగా కనిపిస్తుంది.

కాబట్టి ఈ విద్యలో నైపుణ్యమంటే కనిపించిన లోపం నుంచి దాని పుట్టుక దాకా వెనక్కి నడవటం. డబ్బా కొక్కెం పొట్టిదైతే ముందుగా బేస్ ప్లేటు ఒత్తిడినీ, ప్లేటుకూ చక్‌కూ మధ్య ఎడాన్నీ చూడాలి. అదే ఒత్తిడి మితిమీరితే కొక్కెం అవసరానికి మించి పొడవవుతుంది. మూత కొక్కెం పొట్టిదైతే మొదటి రోలరు వదులుగా ఉందనో, దాని గాడి అరిగిందనో అనుమానించాలి. రెండో రోలరు తప్పు తెలిసేది మూత కొక్కేన్ని విప్పి చూసినప్పుడే: మూత అంచు లోపలికి మడతపడేటప్పుడు దాని చుట్టుకొలత తగ్గి, మిగిలిన లోహం ముడతలుగా లేస్తుంది, రోలరు సరిగా అదిమితే ఆ ముడతలు చదునవుతాయి, వదులుగా ఉంటే అలాగే మిగిలి గుజ్జుకు కాలువలవుతాయి. ముడత ఆక్రమించని భాగాన్ని శాతంగా అంచనా కట్టి బిగుతు అంటారు. ఇది పరికరం కొలిచేది కాదు, కన్ను తేల్చేది. అందుకే పాత చేతులకు ఈ పనిలో ఇంకా విలువ ఉంది.

పైకి కనిపించే దోషాలూ ఉన్నాయి. సీము లోపలి పైఅంచు మీద వేలు నడిపితే కత్తి అంచులా గరుకుగా తగిలితే చక్ అరిగిందనో, రోలర్లు అతిగా బిగిశాయనో అర్థం. అక్కడ రేకు చిట్లితే డబ్బాను పారవేయటం తప్ప మార్గం లేదు. సీము అడుగుభాగం ఒకచోట కిందికి వేలాడటానికి అంచు మీద పడిన గుజ్జు పీచు మడతలో చిక్కటం ఒక కారణం కాగా, డబ్బా పక్క అతుకు వద్ద కొద్దిపాటి వేలాట సహజమే. డబ్బాతో పాటు తిరగాల్సిన మూత చక్ మీద జారిపోతే సీము కొంతమేర మందంగా, అసంపూర్తిగా మిగులుతుంది. బేస్ ప్లేటు ఒత్తిడి చాలకపోవటం, చక్ అరిగిపోవటం, దాని మీద నూనె గాని గుజ్జు గాని పేరుకోవటం దీనికి మూలాలు. వీటన్నిటికంటే ప్రమాదకరమైనది దొంగ సీము. ఇందులో కొక్కేలు ఒకదానిలో ఒకటి చిక్కుకోకుండానే మడత పడతాయి, అయినా బయటి నుంచి చూస్తే చాలాసార్లు తేడా తెలియదు. రవాణాలో వంగిన డబ్బా అంచులే తరచు దీనికి బీజం కనుక, ఖాళీ డబ్బాలను దించేవారి చేతి జాగ్రత్త కూడా సీమింగులో భాగమే.

ఇంత సూక్ష్మమైన సందు ఎందుకు ముఖ్యమవుతుందంటే, వేడి గుజ్జుతో మూసిన డబ్బా చల్లబడేటప్పుడు లోపల శూన్యం ఏర్పడి, బలహీనమైన సీము గుండా చల్లబరిచే నీటినీ, అందులోని సూక్ష్మజీవులనూ లోనికి పీల్చుకుంటుంది. ఆ నీటికి క్లోరిన్ కలిపేది అందుకే. 1964లో స్కాట్లండులోని అబర్డీనులో 500 మందికి పైగా టైఫాయిడ్ బారిన పడటానికి, అర్జెంటీనాలో శుద్ధి చేయని నదీజలంతో చల్లబరిచిన మాంసపు డబ్బాయే మూలమని భావించారు. మామిడి గుజ్జు ఆమ్లగుణం బొటులిజం క్రిమిని ఎదగనివ్వదు గాని ఈస్టులను, ఆమ్లాన్ని ఓర్చుకునే బ్యాక్టీరియాను ఆపలేదు. అవి వాయువు పుట్టించి డబ్బాను ఉబ్బిస్తాయి. అయితే ఉబ్బిన ప్రతి డబ్బాకూ సీమునే తప్పుపట్టకూడదు: వేడి చాలకపోతే ఒక విడతలోని డబ్బాలు మూకుమ్మడిగా చెడతాయి, సీము కారితే అక్కడొకటి ఇక్కడొకటి చొప్పున రకరకాల జీవులతో చెడతాయి, ఆమ్లం రేకును తిని హైడ్రోజన్ పుట్టిస్తే నిల్వలో చాలాకాలం గడిచాక ఉబ్బుతాయి.

తక్కువ ఆమ్లత గల ఆహారపు డబ్బాల విషయంలో అమెరికా నిబంధనలు 30 నిమిషాలకు మించకుండా ఒకసారి కంటితో చూడాలనీ, 4 గంటలకు మించకుండా ఒకసారి సీము విప్పి కొలవాలనీ, మైక్రోమీటరుతో కొలిచేటప్పుడు పక్క అతుకును వదిలి సుమారు 120 డిగ్రీల ఎడంతో మూడుచోట్ల కొలతలు తీయాలనీ చెబుతున్నాయి. గుజ్జు ఆమ్ల ఆహారమైనా ఇదే క్రమాన్ని పాటించటం మేలు, ఎందుకంటే దోషం బయటపడిన క్షణాన యంత్రాన్ని సరిచేయటంతో పని పూర్తి కాదు. అంతకుముందు సరిగా ఉన్నట్టు నమోదైన పరీక్ష దాకా వెనక్కి వెళ్లి, ఆ మధ్యకాలంలో మూసిన డబ్బాలన్నిటినీ విడిగా నిలిపి ఏరాలి. పరీక్షల మధ్య వ్యవధి ఎంత ఉంటే అలా నిలిపివేయాల్సిన సరుకూ అంత ఉంటుంది.